పటికలో ఎనభై ఆరు

మా దేవరాజులు సార్‌కి ఒక్కటే జబ్బు. కంటికి ఏ పదార్థం కనిపించినా అందులో పరమాణువులు ఎన్నో లెక్కపెట్టాలి. మనసులో లెక్కపెట్టుకుంటే మనకేం అభ్యంతరం? పైకే లెక్కపెట్టేవాడు. తన వేళ్ళు చాలకపోతే పక్కవాడి వేళ్ళు పట్టుకునేవాడు. ఆ పక్కవాడు ఆరేళ్ళపాటు నేనే.

ఆయన ఫిజికల్ సైన్స్, నేను తెలుగు పండితుణ్ణి. ఐరాల దగ్గర ఒక హైస్కూలు మాది. ఊరి పేరు చెప్పను. చెబితే మా అప్పటి హెడ్మాస్టరు జయరావుగారు ఈ వయసులో కూడా సంజాయిషీ అడుగుతారు. ఇద్దరం చిత్తూరులో కాపురం, పొద్దున ఒకే బస్సు, సాయంత్రం ఒకే బస్సు. కాబట్టి ఆ జబ్బు ధాటి ఆయన భార్య రుక్మిణమ్మగారి కంటే నాకే ఎక్కువ తెలుసు.

పరమాణువులు లెక్కపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఫార్ములాలో అక్షరం పక్కన చిన్న అంకె ఉంటే అన్ని, లేకపోతే ఒకటి. చక్కెర అయితే కార్బన్లు పన్నెండు, హైడ్రోజన్లు ఇరవై రెండు, ఆక్సిజన్లు పదకొండు, మొత్తం నలభై అయిదు. చిక్కంతా బ్రాకెట్ దగ్గరే. బ్రాకెట్ బయట అంకె ఉంటే అది లోపలున్న అందరికీ వర్తిస్తుంది. ఇంత వివరంగా ఒక తెలుగు పండితుడు చెబుతున్నాడంటే ఆయన నా ప్రాణం ఎంత తీసి ఉంటాడో మీరే ఊహించుకోండి.

ఒకసారి కాణిపాకం దగ్గర ఒక రైతు యూరియా మూట ఎత్తి బస్సులో వేశాడు. సార్ కళ్ళు మెరిశాయి.

"యూరియానా అబ్బా?"

"అవును సార్."

"ఎనిమిది!"

"లేదు సార్, ఒకటే మూట."

"మూట ఒకటే అయినా ఎనిమిదే గదప్పా. కార్బన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి. బ్రాకెట్లో నైట్రోజన్ ఒకటి, హైడ్రోజన్లు రెండు, అంటే ముగ్గురు. బయట రెండు ఉండాది. ముగ్గురు కాస్తా ఆరుగురైనారు. ఆరూ రెండూ ఎంత?"

కండక్టరు మునిచంద్ర టికెట్ల పెట్టె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "సార్, ఎనిమిదింటికీ లగేజీ కొట్టమంటారా, ఒకదానికి కొట్టి వదిలేసేదా?" అని అడిగాడు. రైతు బెదిరిపోయి మూటతో సహా దిగిపోబోతే నేనే బతిమాలి కూర్చోబెట్టాను.

ఇంకోసారి కాణిపాకం గుడికి ఇద్దరం కలిసి వెళ్ళాం. అర్చకస్వామి నా గోత్రనామాలు చదివి సార్ వైపు తిరిగి "నక్షత్రం?" అన్నాడు. సార్ చూపు హారతి పళ్ళెంలో కర్పూరం మీద ఉంది.

"ఇరవై ఏడు," అన్నాడు సార్.

అర్చకస్వామి ఒక్క క్షణం ఆలోచించాడు. "ఇరవై ఏడు నక్షత్రాలూ మీవేనా నాయనా?" అని అడిగి, ఎందుకైనా మంచిదని నాకంటే పెద్ద ప్రసాదం పెట్టాడు. నాకు ఆ సంగతి ఇప్పటికీ మంటే.

పెళ్ళిచూపుల్లో కూడా ఇదే వరస అట. కాఫీ గ్లాసు చేతికిస్తే "చక్కెర ఎంత?" అని అడిగాడట. రుక్మిణమ్మగారు సిగ్గుపడుతూ "రెండు స్పూన్లు" అంటే, "కాదు, నలభై అయిదు" అన్నాడట. "నలభై అయిదు స్పూన్లు తాగేవానికి బిడ్డనియ్యొద్దని మా నాయన ఒకటే పోరు. నేనే పట్టుబట్టి చేసుకున్న్యా. ఇప్పుడు ఎవురికి జెప్పుకునేది?" అంటుంది ఆవిడ.

ఇలా సాగుతుండగా తొంభై ఎనిమిదిలో మా స్కూలుకి ఒక సమస్య వచ్చింది. అటెండరు తిరుమలయ్య వచ్చే ఏడాది మే నెలలో రిటైరవుతున్నాడు. ఆ పోస్టు మీద న్యాయంగా హక్కు వరదమ్మది. పద్నాలుగేళ్ళుగా స్కూలు ఊడుస్తోంది. పార్ట్‌టైం ఉద్యోగం, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఊడుతుందో తెలియదు. అటెండరు కావాలంటే టెన్త్ పాసై ఉండాలి. వరదమ్మ అన్నీ పాసైంది, ఎప్పుడో పదిహేనేళ్ళ కిందట. సైన్సు ఒక్కటే తప్పింది.

జయరావుగారు ఆవిడని పిలిపించారు. నేనూ దేవరాజులు సార్ అక్కడే ఉన్నాం.

"మార్చిలో సైన్సు ఒక్కటి రాసేయ్ వరదమ్మా. పాసైతే పోస్టు నీదే. లేకపోతే యాడినుంచో ఎవరినో వేస్తారు. వాళ్ళొస్తే నీ పార్ట్‌టైం కూడా ఉండదు, సూడు మల్ల."

"నా వల్ల కాదు సార్. ఆకులు, ఎముకలు ఎట్లో వొస్తాయి. ఆ ఫార్ములాలే నా మీద పగ బట్టినాయి."

"మధ్యాహ్నం పూట నేను చెప్తాలేమ్మా," అన్నాడు దేవరాజులు సార్.

"వొద్దు సార్, వొద్దు!" వరదమ్మ చీపురు అడ్డం పెట్టుకుంది. "నలభై ఏండ్లదాన్ని బుక్కు పట్టుకోని మీ ముందర కూసుంటే పిలకాయలు నగతారు. ఒక్క తప్పు జెప్పినా ఊరంతా నగతాది. ఉండే పని బోతే పోనీలే సార్, నా మానం నాకుండాల."

హెడ్మాస్టరు పోరు పడలేక పరీక్ష ఫారం మీద సంతకం మాత్రం పెట్టి, వెళ్ళి వరండా ఊడ్చుకుంది. నాకు చాలా బాధ అనిపించింది. దేవరాజులు సార్ మాత్రం ఏమీ పట్టనట్టు ఇంకుసీసాలో నీలం చూస్తూ కూర్చున్నాడు. ఈ మనిషికి పరమాణువులు తప్ప మనుషులు కనపడరని ఆ రోజు మనసులో తిట్టుకున్నాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక వింత జరిగింది. ఆగస్టు పదిహేను వస్తోందని గోడలకు సున్నం కొట్టించడానికి స్టాఫ్ రూం వాకిట్లో డ్రమ్ము పెట్టారు. సార్ తొంగి చూశాడు.

"సున్నం. మూడు."

నేను తల ఎత్తాను. నాలుగేళ్ళుగా సున్నం అంటే అయిదే వింటున్నాను.

"అయిదు గదా సార్?"

"యాడ అయిదు? కాల్షియం ఒకటి, ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి. మూడే."

"ఓహెచ్ బ్రాకెట్లో ఉండాది. బయట రెండు ఉండాది. అది ఎవరికిస్తారు, మీ అత్తగారికా?"

సార్ నుదురు కొట్టుకున్నాడు. "అబ్బా! రెండు మరిసేపోతినే!"

నేను నవ్విన నవ్వుకి పక్క క్లాసు పిల్లలు కిటికీలోంచి చూశారు. నవ్వనా మరి? నాలుగేళ్ళు నా వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టిన మనిషి! కుర్చీలోంచి లేచి, గొంతెత్తి, బ్రాకెట్ సూత్రం మొదటినుంచి చివరిదాకా నేనే ఆయనకు పాఠం చెప్పాను. నా జీవితంలో అంత తృప్తి ఇచ్చిన పాఠం ఇంకొకటి లేదు. అక్కడే ఊడుస్తున్న వరదమ్మ కూడా చీపురు ఆపి వింది. ఆవిడ కూడా ఆనందిస్తోందనుకున్నాను.

మరుసటి రోజు మళ్ళీ తప్పు. అమ్మోనియం సల్ఫేటు పదిహేను, సార్ పది అన్నాడు. బ్రాకెట్ మళ్ళీ మరిచిపోయాడు. నేను మళ్ళీ లేచాను, మళ్ళీ నవ్వాను, మళ్ళీ వివరించాను. ఆగస్టంతా బ్రాకెట్టే. సెప్టెంబరు వచ్చేసరికి బ్రాకెట్ కుదిరింది కానీ నీళ్ళు మరిచిపోవడం మొదలైంది. మైలుతుత్తంలో, అంటే కాపర్ సల్ఫేటులో, ఒక్కో అణువుకీ అయిదు నీళ్ళు అంటుకుని ఉంటాయి. ఆ అయిదు వదిలేసి "ఆరు" అనేవాడు. "ఇరవై ఒకటి!" అని నేను బల్ల గుద్దేవాణ్ణి. జబ్బు ముదిరి డిసెంబరుకల్లా ఓం నియమం కూడా మరిచిపోయాడు. ఓం నియమం నాకు మాత్రం ఏం తెలుసు? కానీ సార్ తన పుస్తకం నా బల్ల మీద మరిచిపోయి వెళ్ళేవాడు. నేను దొంగచాటుగా ఆ పేజీ చదివి పెట్టుకునేవాణ్ణి. శత్రువు పడిపోయే సమయంలో ఆయుధం లేకుండా ఎలా ఉంటాం?

స్టాఫంతా దిగులుపడ్డారు. "షుగరేమో, టెస్టు చేయించండి," అన్నారు జయరావుగారు. నేను చిత్తూరులో రుక్మిణమ్మగారిని అడిగాను.

"ఇంట్లో బాగానే లెక్కబెడతా ఉండాడే అయ్యవారూ! నిన్న పప్పులో ఉప్పెక్కువైందంటే దాన్ని గూడా రెండని సరిగ్గా జెప్పినాడు. స్కూల్లోనే తప్పతా ఉంటే ఆడ గాలి ఏమన్నా సోకిందేమో సూసుకోండి."

నిజంగానే నేను బుద్ధిమంతుణ్ణయి ఉంటే అప్పుడే పట్టుకుని ఉండాలి. ఆ సంవత్సరం మా స్టాఫ్ రూం ఉన్నంత శుభ్రంగా అంతకుముందు గానీ తర్వాత గానీ లేదు. వరదమ్మ పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట అదే గదిని ఊడ్చేది. ఊడ్చిన చోటే ఊడ్చేది. నేను మాత్రం నా విజయాల్లో మునిగి ఉన్నాను.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వచ్చినాయన పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నాడు. నా క్లాసులో ఒక పద్యం విని తల ఊపి, లాబ్‌కి నడిచాడు. అల్మారాలో దుమ్ము లేదని మెచ్చుకున్నాడు. పటిక సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"సార్, దీని ఫార్ములా చెప్పండి. పరమాణువులు మొత్తం ఎన్ని?"

నేనూ జయరావుగారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పటికలో అన్ని గండాలూ ఉన్నాయి. బ్రాకెట్ ఉంది, బయట మూడు ఉంది, ఇరవై నాలుగు నీళ్ళు ఉన్నాయి. దేవరాజులు సార్ బోర్డు మీద ఫార్ములా తప్పు లేకుండా రాశాడు. చేతులు వెనక్కి కట్టుకుని హుషారుగా చెప్పాడు.

"ఎనభై ఆరు సార్."

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "ఇంకోసారి చెప్పండి."

"పొటాషియం సల్ఫేటులో ఏడు. అల్యూమినియం రెండు, సల్ఫేటు అయిదు, అది ఏడు. నీళ్ళు డెబ్భై రెండు. ఎనభై ఆరు."

నా నోట్లో దురద పుట్టింది. కానీ పైఅధికారి ఎదుట సహోద్యోగిని సరిదిద్దేంత ధైర్యం తెలుగు పండితులకు ఉండదు. అప్పుడు వాకిలి దగ్గర కాఫీ గ్లాసుల పళ్ళెం ఒకసారి చప్పుడైంది.

"ఎనభై ఆరు కాదు సార్. తొంభై ఆరు."

అందరం తిరిగి చూశాం. వరదమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"బ్రాకెట్ బయట మూడు ఉండాది గదా సార్. బంతిలో కూసున్నోళ్ళందరికీ వడ్డించాల. సల్ఫేటు అయిదుమందీ మూడు బంతులు కూసున్నారు, అంటే పదహైదు. మా సారు ఒక్క బంతికే వడ్డించి ఆకులెత్తేసినాడు. ఏడు, అల్యూమినియాలు రెండు, పదహైదు, నీళ్ళు డెబ్భై రెండు. తొంభై ఆరు సార్. కాఫీ తాగండి, సల్లారిపోతాది."

ఇన్‌స్పెక్టరు కాఫీ తీసుకున్నాడు. "ఈవిడ ఎవరు?"

"మా స్వీపరు సార్," అన్నారు జయరావుగారు, గోడలోకి దూరిపోదామా అన్నట్టు నిలబడి.

ఆయన బోర్డు చూశాడు, సార్‌ని చూశాడు, వరదమ్మని చూశాడు. రిజిస్టరులో రాసిన మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "రసాయనశాస్త్రం స్వీపరు చక్కగా బోధిస్తున్నారు. ఉపాధ్యాయుడు శ్రద్ధగా వినవలెను."

ఆయన వెళ్ళాక లెసన్ ప్లాన్ నోట్సులన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమని జయరావుగారు నాకు పురమాయించారు. రోజూ క్లాసులో ఏం చెబుతామో ముందే రాసుకునే పుస్తకాలవి. దేవరాజులు సార్‌ది చేతిలోంచి జారి వెనక పేజీ తెరుచుకుంది. అక్కడ ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాసి ఉంది:

"ఆగస్టు. బోధనాంశం: బ్రాకెట్టు. విద్యార్థి: వరదమ్మ. పద్ధతి: నేను తప్పు చెప్పుట. బోధనోపకరణం: తెలుగు అయ్యవారు. వెంటనే నవ్వును. తర్వాత మొత్తం గట్టిగా వివరించును. ఉచ్చారణ స్పష్టం."

కింద "సెప్టెంబరు: నీళ్ళు." ఇంకా కింద "డిసెంబరు: ఓం నియమం. ఉపకరణానికి ఓం నియమం రాదు. కావున ముందు దానికి నేర్పవలెను. పుస్తకం దాని బల్ల మీద మరువవలెను."

తప్పులకు కూడా సిలబస్ ఉంటుందని, నేను అందులో గ్లోబు, అయస్కాంతం వరసలో ఒక వస్తువునని అప్పుడు తెలిసింది. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి: "ఫిబ్రవరి పదకొండు, ఇన్‌స్పెక్షన్. ఆ రోజు తప్పు చెప్పరాదు."

సాయంత్రం బస్టాపులో పుస్తకం ఆయన చేతిలో పెట్టాను.

"ఏంది సార్ ఇది? నన్ను ఉపకరణమని రాసినారా?"

సార్ దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "ఏం జేసేదప్పా? ఆయమ్మకు నగుబాటు అంటే భయం. ఎవరో ఒకరు నగుబాటు కావాల గదా, నేనే అయితే సరిపోతాదని అనుకున్యా. నేను సరిగ్గా జెప్తే నువ్వు ఇనేవాడివి కాదు. తప్పు జెప్తే గదా లేసి విడమరిసి చెప్తావు. నీ గొంతు వరండా చివర దాకా వినపడతాది."

"సరే, ఈ రోజు రెండు గీతలు గీసుకుని మరీ తప్పు చెప్పినారే?"

సార్ మొహం పాలిపోయింది. చుట్టూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"అది నిజంగానే తప్పినానబ్బా! ఆరు నెలలు తప్పు జెప్పీ జెప్పీ నోరు అదే దారి పట్టేసినాది. ఆయమ్మ లేకుంటే నా పని ఏమయ్యేదో!"

నాకు కోపం రావలసింది. రాలేదు. బస్సొచ్చేదాకా ఇద్దరం స్కూలు గేటు గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉన్నాం. మునిచంద్ర మమ్మల్ని చూసి ఆ రోజు టికెట్టు కూడా అడగకుండా భయంగా వెనక్కి పోయాడు. తర్వాత మేమే పిలిచి తీసుకున్నాం.

వరదమ్మ మార్చిలో పరీక్ష రాసింది. ఫలితాల రోజు బస్సులో పేపరు నా చేతిలో, హాల్‌టికెట్ నెంబరు రాసుకున్న చీటీ సార్ చేతిలో. నెంబరు దొరికేసరికి సార్ ఎగిరి లేచి బస్సు టాపుకి తల కొట్టుకున్నాడు. స్కూల్లో దిగి మేం చెబితే వరదమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుని, నా దగ్గరికి వచ్చింది.

"అయ్యవారూ, సారు కావాలనే తప్పు చెప్తా ఉన్నాడని నాకు మొదటి వారమే తెలిసిపోయినాది."

"తెలిసీ ఊరికే ఉన్నావా?"

"అంత కష్టపడి తప్పులు జెప్తా ఉంటే, తెలిసిపోయిందంటే ఆయన మనసు కష్టపెట్టుకోడా? ఇనిస్పెట్టరు ముందర మాత్రం నిజం తప్పు అయ్యవారూ. ఉత్తుత్తి తప్పు జెప్పేటప్పుడు ఆయన ఒక కంటితో మిమ్మల్ని సూస్తాడు, లేస్తాడా లేదా అని. ఆ పొద్దు సూళ్ళేదు. అందుకే నోరు తెరిస్తి."

అంటే ఆ గదిలో ఏమీ తెలియని వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి మా ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.

జూలైలో వరదమ్మ అటెండరైంది. మొదటి రోజు బెల్లు ఎంత గట్టిగా కొట్టిందంటే సాయంత్రం చివరి బెల్లు అనుకుని ఇద్దరు మాస్టర్లు ఇంటికి బయలుదేరారు. సార్ లెక్కలు మళ్ళీ దారికొచ్చాయి. సున్నం అయిదు, మైలుతుత్తం ఇరవై ఒకటి, నా వేళ్ళు మళ్ళీ ఆయన చేతిలో. లాబ్ అల్మారా తాళంచెవులు మాత్రం వరదమ్మ నడుముకి. సీసా అడిగితే ముందు లెక్క చెప్పి తర్వాతే ఇస్తుంది.

ఇంకో ఏడాది గడిచాక జయరావుగారు మళ్ళీ ఆవిడని పిలిచారు. ఇంటరు కూడా ప్రైవేటుగా కడితే ఎప్పటికైనా ఆఫీసులో కుర్చీ దొరుకుతుందన్నారు. వరదమ్మ తల అడ్డంగా ఊపింది.

"అన్నీ ఎట్లో సదువుతాను సార్. తెలుగు వొద్దు. ఆ పద్యాలు, గణాలు నాకెక్కవు. అయ్యవారి దగ్గర తప్పు జెప్తే నగతాడు. ఆయన నగు మీకు తెల్దా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రం బస్సులో సార్‌కి ఆ మాట చెప్పాను. కాణిపాకం దాటాక ఆయన తన సంచీలోంచి ఒక కొత్త నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

మరుసటి పొద్దున వరదమ్మ స్టాఫ్ రూంలో కూజాలో నీళ్ళు పోస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను. ఇరవై ఏళ్ళు తెలుగు చెప్పిన నోరు, ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో నాకే తెలుసు.

"ఉత్పలమాల పద్యానికి పాదానికి పంతొమ్మిది అక్షరాలు," అన్నాను.

దేవరాజులు సార్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. కిటికీలోంచి పిల్లలు తొంగిచూసేంత గట్టిగా నవ్వాడు. "ఇరవై గదప్పా అయ్యవారూ! ఏంది, షుగరా?" అని మొదలుపెట్టి, భరనభభరవ అంటూ వేళ్ళ మీద గణాలన్నీ మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టాడు. రాత్రంతా కూర్చుని నేర్చుకుని వచ్చినట్టున్నాడు. ఉచ్చారణ కూడా స్పష్టంగానే ఉంది.

కూజా నిండిపోయి నీళ్ళు బల్ల మీదికి పారుతున్నాయి. వరదమ్మ పోస్తూనే ఉంది. నేను మాత్రం ఒక కంటితో ఆవిణ్ణి చూడకుండా ఉండలేకపోయాను. ఆవిడ కూడా నన్నే చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.